దయ్యాలన్నా భయం లేదు, పెద్దలన్నా లేదు

మా కలిగిరిలో ఇప్పుడు దయ్యాల్లేవు. కరెంటు వచ్చి కొన్ని పోయాయి, చింతచెట్లు కొట్టేశాక మిగిలినవీ పోయాయి. పోతే పోనీ. చచ్చినోళ్ళంటే ఉండాల్సిన భయభక్తులు కూడా వాటి వెంటే పోయాయే, అదీ నా గోల.

మా రోజుల్లో చీకటి పడ్డాక వేటకూర గిన్నె వీధి దాటాలంటే మూత మీద బొగ్గుముక్కో వేపరెబ్బో ఉండాల్సిందే. బావిలో పడినోళ్ళు, పురిట్లో పోయినోళ్ళు, పెళ్ళికాకుండా పోయినోళ్ళు ఊరొదిలి పోరని మా జేజి చెప్పేది. ఆకలైనా తీరకపోవాల, కోరికైనా తీరకపోవాల, దయ్యం కావడానికి ఇంకేం అక్కర్లేదనేది. అందుకే పోయినోళ్ళకి కడుపునిండా పెట్టేవాళ్ళం. ఆడపిల్ల ఎదురు మాట్లాడితే గాలి సోకిందని వేపమండలతో బాదిన రోజులు కూడా అవే. ఆ ముచ్చట అంతరించడమే మంచిది.

కర్మనాడు పిండం పెట్టి కాకి కోసం కూర్చునేవాళ్ళం. కాకి చుట్టూ తిరిగి ముట్టకపోతే అందరి మొహాలూ మాడిపోయేవి. ఏం కోరిక మిగిలిందో అని గుసగుసలు. చివరికి పెద్దకొడుకు చేతులు జోడించి, "చెల్లెలి పెళ్ళి నేను చేస్తాను నాయనా" అని ఊరందరి ముందూ చెప్పేవాడు. కాకి వాలేది. స్టాంపు పేపరు మీద రాయించినా ఆ మాటంత గట్టిగా నిలిచేది కాదు. ఇప్పుడు కాకులే కరువు. ఐదు నిమిషాలు చూసి, పిండం ఆవుకు పెట్టి కారెక్కుతున్నారు. ఆస్తి పంపకాల మాట కారులోనే మొదలవుతుంది.

సింగపూరులో ఉండే నా మనవడు ఒక వీడియో పంపాడు. చైనావాళ్ళ లెక్కలో ఏడో నెల దయ్యాల నెలంట. ఆకలిగొన్న ప్రేతాలు ఆ నెలంతా ఊళ్ళ మీద తిరుగుతాయని రోడ్డు పక్కన అన్నం, పళ్ళు పెడతారు, కాగితం డబ్బులు తగలేస్తారు. ఇప్పుడు కాగితం సెల్‌ఫోన్లు, కాగితం కార్లు కూడా తగలేస్తున్నారంట. దీనికి మూలం బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో మాడుతున్న తల్లిని విడిపించిన కథ. ఇక్కడి మనిషి కథే అంతదూరం పోయి అన్నం పెట్టిస్తోంది. ఆ నెలలో పాటకచ్చేరీ పెడితే ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, పోయినోళ్ళు కూర్చుంటారని. మావాడు అది చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మన సంతాపసభల్లో ముందు వరస ఎవరిదో నాకు తెలుసు. పోయినాయన ఫ్లెక్సీలో కూడా ఆయనకంటే లీడర్ల మొహాలే పెద్దవి.

చైనావాళ్ళకి ఏప్రిల్ మొదట్లో సమాధులు ఊడ్చి పూలు పెట్టే పండగ ఇంకొకటుంది. మనకు లేదా? నెల్లూరు బోడిగాడితోట శ్మశానానికి సంక్రాంతినాడు పోయి చూడండి, పెద్దల సమాధులు కడిగి, పూలు చుట్టి, వండినవి పెడతారు. చచ్చినోళ్ళని దేవుళ్ళని చేసుకోవడంలోనూ మా సీమ ఎవరికీ తీసిపోదు. నర్రవాడ వెంగమాంబ అగ్నిలో దూకిన ఇల్లాలేగదా. ఇప్పటికీ పేరంటాలని బ్రహ్మోత్సవాలు చేస్తున్నారు. ఏఎస్ పేట దర్గాలో ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ సమాధి కాడికి గాలి పట్టిందన్నోళ్ళని ఈనాటికీ తీసుకొస్తారు, హిందువులూ తురకలూ కూడా. అంటే ఊరందరి పెద్దలకి లోటు లేదు. ఇంట్లో పెద్దలకే దిక్కు లేదు.

మా అమ్మ తద్దినం గురించి నా కొడుకు హైదరాబాదునుంచి ఫోను చేశాడు. "నాయనా, జేజి తద్దినం ఏ తేదీ? ఫోన్లో పెట్టుకుంటే ఏటా గుర్తు చేస్తుంది" అని. తేదీ కాదురా, తిథి అన్నాను. ఏటేటా మారుతుంది, పంచాంగం చూడాలన్నాను. "అట్టయితే కష్టం నాయనా" అన్నాడు. సరే, తిథి తెలియనోళ్ళకీ, మర్చిపోయినోళ్ళకీ పెద్దలే ఒక దారి పెట్టారు, భాద్రపదంలో మహాలయ అమావాస్య. ఆ ఒక్కరోజు పెడితే అందరికీ చెందుతుంది, అదన్నా చెయ్యమన్నాను.

ఆదివారం పడితే వస్తాడంట.