ఎండకు మందుల చీటీ

మన ఇళ్లలో ఐదో తరగతికొచ్చిన పిల్లాడికి ఇంకా సైట్ రాలేదంటే చుట్టాలు కాస్త అనుమానంగా చూస్తున్నారు. ‘‘అద్దాలు పడలేదా? అసలు చదువుతున్నాడా వీడు?’’ అద్దాలను మనం ఎప్పుడో బుద్ధిమంతుల ఖాతాలో వేసేశాం. అద్దాలతో పేచీ లేదు కానీ, ఆరు నెలలకోసారి అర పాయింటు చొప్పున పవరు పెరుగుతుంటే మాత్రం గుండె గుభేలంటుంది. భయం పుట్టాక మందు పుట్టకుండా ఉంటుందా? పుట్టింది.

దాని పేరు అట్రోపిన్. ఉమ్మెత్త జాతి మొక్కల్లో దొరికే సరుకే. కంటిపాపను పెద్దది చేసి చూసేందుకు కంటి డాక్టర్లు చాలాకాలంగా వాడుతున్న చుక్కల మందు. దీన్ని 1 శాతం బలంతో పిల్లల కళ్లలో వేసి చూసిన సింగపూర్ పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పవరు పెరగడం బాగా తగ్గింది. అయితే కంటిపాప పెద్దదై కూర్చుంటుంది కనుక ఎండలోకొస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎండలో నల్లబడే అద్దాలు కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఎండ తగలక సైట్ వచ్చిన పిల్లాడికి, ఎండ చూడలేకుండా చేసే మందు! ఇంతకన్నా నిజాయితీ గల వైద్యం ఇంకోటి ఉండదు. పైగా మందు ఆపగానే పవరు మళ్లీ పరుగందుకుంది.

అందుకని నీళ్లు కలుపుతూ పోయారు. 0.01 శాతానికి దించితే ఇబ్బందులు తగ్గాయి, మందూ పనిచేస్తోందని 2012లో సింగపూరే చెప్పింది. 2023లో అమెరికా పిల్లల మీద చూస్తే ఆ 0.01కీ ఉత్తుత్తి చుక్కలకీ తేడా కనబడలేదు. హాంకాంగ్ వాళ్లు 0.05 మేలన్నారు. అక్కడితో ఆగకుండా, ఇంకా సైట్ రాని 4 నుంచి 9 ఏళ్ల పిల్లలకే ముందస్తుగా వేసి చూశారు. రెండేళ్లలో ఉత్తుత్తి చుక్కలు పడిన వాళ్లలో 53 శాతం మందికి సైట్ వస్తే, 0.05 పడిన వాళ్లలో 28.4 శాతానికే వచ్చింది. ఇది ఆషామాషీ ఫలితం కాదు. ఆ పరిశోధకులతో నాకేం తగాదా లేదు. సైట్ వచ్చి పవరు పరిగెడుతున్న పిల్లలకు చుక్కలు కావాల్సిందే, డాక్టరు రాస్తే వెయ్యాల్సిందే. ఆ పవరు ముదిరితే పెద్దయ్యాక రెటీనాకే ముప్పు. నా తగాదా అంతా ఆ సీసా చూసి ఊపిరి పీల్చుకునే మనతోనే.

ఎందుకంటే సీసా, మూత, గడువు తేదీ ఏవీ లేని మందు ఒకటుంది. దాన్నీ పరీక్షించారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, సగం బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి క్లాసు అదనంగా పెట్టారు. మూడేళ్ల తర్వాత మామూలు బడుల్లో 39.5 శాతం మందికి సైట్ వచ్చింది, వీళ్లలో 30.4 శాతానికి. ఈ లెక్క 2015లో అచ్చయింది. అంతకుముందే సిడ్నీలో, సింగపూర్‌లో ఆరేడేళ్ల చైనా సంతతి పిల్లల్ని పోల్చారు. సిడ్నీలో సైట్ ఉన్నది 3.3 శాతానికి, సింగపూర్‌లో 29.1 శాతానికి. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు పద్నాలుగు గంటలు ఆరుబయట తిరిగేవాళ్లు, సింగపూర్ పిల్లలు మూడు గంటలు. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచే రోజుకు 120 నిమిషాలు బడి పిల్లల్ని బయటికి పంపమంది.

దీని వెనక మంత్రమేమీ లేదు. గట్టి వెలుతురు పడితే రెటీనాలో డోపమైన్ ఊరుతుంది, అది కనుగుడ్డు పొడవు సాగకుండా పట్టి ఉంచుతుందని శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్ముతున్న మాట. ఎదిగిన కన్ను పొడవు 24 మిల్లీమీటర్లు. ఇంకొక్క మిల్లీమీటరు సాగిందంటే పవరు మైనస్ రెండున్నర దాటుతుంది. క్లాసురూములో వెలుతురు మూడు నుంచి ఐదు వందల లక్స్; బయట ఎండలో లక్ష దాకా పోతుంది. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం పిల్లల్ని మాడ్చమని కాదు, చెట్టు నీడలో కూడా గదిలోకన్నా ఎన్నో రెట్లు వెలుతురుంటుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు చెట్టు కింద, భవనాల మధ్య, ఖాళీ మైదానంలో వెలుతురు కొలిచి చూశారు కూడా. మైదానానిదే పైచేయి.

మరి ఇంత చవకైన మందును ఎవరూ రాయరేం? రాస్తే దొరకాలిగా! ఏ మెడికల్ షాపులో ఉంది మైదానం?

అందుకే వెలుతుర్నీ డబ్బాలో పెట్టి అమ్మే తెలివి పుట్టింది. ఎర్ర కాంతి యంత్రం. పిల్లాడు పూటకు మూడు నిమిషాలు, రోజుకు రెండు పూటలు, వారానికి ఐదు రోజులు అందులోకి తొంగిచూడాలి. చైనాలో ఇళ్లకు ఇళ్లే కొనుక్కున్నాయి. పవరు పెరగడం నెమ్మదించింది కూడా, ఎందుకు నెమ్మదించిందో ఎవరూ ఇదమిత్థంగా చెప్పలేకపోయారు. కోడిపిల్లలకు ఎర్ర వెలుతురు పెడితే సైట్ వచ్చింది, కోతులకు పెడితే తగ్గింది. మన పిల్లలు ఏ జాబితాలోకి వస్తారో తేలకముందే అమ్మకాలు తేలిపోయాయి. తర్వాత అది వాడిన ఓ పన్నెండేళ్ల పాప రెటీనా దెబ్బతిన్నట్టు 2023లో వైద్య పత్రికలో వచ్చింది. 2024 జులై నుంచి చైనా ప్రభుత్వం ఆ యంత్రాలను అత్యంత కట్టడి ఉండే తరగతిలోకి మార్చింది. ఆ దేశంలోనే గాజు గోడల క్లాసురూము కట్టి చూశారు. పిల్లల్ని సూర్యుడి దగ్గరికి పంపడం కుదరదు కనుక సూర్యుణ్నే క్లాసుకు రమ్మన్నారన్నమాట. ఇంకో ఊళ్లో, పుస్తకం మీదికి వంగకుండా బల్లలకు ఇనుప కడ్డీలు బిగించారు. కడ్డీల వెనక పిల్లలు, ముందు పుస్తకం. పుస్తకాన్ని కాసేపు మూయించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

చైనాను చూసి నవ్వే హక్కు మనకెక్కడిది? మూడంతస్తుల అద్దె భవనంలో ‘ఒలింపియాడ్ క్యాంపస్’ నడిపే ఏ పెద్దమనిషినైనా కదిలించండి.

‘‘గ్రౌండ్ ఎక్కడండీ?’’

‘‘సెల్లార్లో టర్ఫ్ వేశాం సార్. ఏసీ కూడా.’’

‘‘గేమ్స్ పీరియడ్?’’

‘‘శనివారం ఉంది సార్. సిలబస్ వెనకబడిందని ఈ టర్మ్‌కి మ్యాథ్స్ సార్‌కి ఇచ్చాం.’’

వినే తండ్రి ముఖంలో కోపం కాదు, తృప్తి కనబడుతుంది. ఫీజు సార్థకమైందని. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఇంటర్లో హాస్టలు, తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదికి మళ్లీ స్టడీ అవర్. ఈ టైమ్‌టేబుల్‌లో సూర్యుడికి ఇంటర్వెల్‌లో పది నిమిషాలు కేటాయించారు, అదీ క్యాంటీన్ క్యూ పోగా. రాత్రి పడుకునే ముందు అమ్మ పిల్లాడి తల వెనక్కి వంచి, కింది రెప్ప లాగి, చుక్క వేస్తుంది. ‘‘కళ్లు గట్టిగా మూయకు నాన్నా, కారిపోతుంది. ఖరీదైన మందు.’’ ఆ ఇంట్లో పిల్లాడి కంటి కోసం రోజూ కచ్చితంగా కేటాయించే సమయం ఆ ఒక్క నిమిషమే.

చుక్కలు కొనలేని వాళ్లకు బ్లూకట్ అద్దాలున్నాయి. వాటితో కంటి అలసటైనా తగ్గుతుందా అని 2023లో పరిశోధనలన్నీ జల్లెడ పట్టిన కాక్రేన్ సమీక్షకు చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అయినా కౌంటర్ దగ్గర ‘‘పిల్లలకు తప్పనిసరి మేడమ్’’ అనేస్తారు. మేడమ్ సరేనంటుంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆరుబయటి ఆట సైట్ రాకుండా ఆపడంలో గట్టిది, వచ్చేసిన సైట్‌ను తగ్గించడంలో అంత కాదు. అందుకే పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఆడనివ్వాలి. మనమేమో ఎల్‌కేజీ నుంచే ట్యూషన్ పెడుతున్నాం.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు ర్యాంకుల గురించి అడిగాక, పిల్లలు రోజూ ఎంతసేపు ఆకాశం కింద ఉంటున్నారో కూడా అడగండి. సెల్లార్ చూపిస్తే, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉందని చెప్పండి.