బంగారు నెమలి సాక్ష్యం

నాయకులు జనం నమ్మకాన్ని ఎలా సంపాదించాలో నేర్పే శిక్షణ తరగతులు స్టార్ హోటళ్లలో జోరుగా నడుస్తున్నాయి. వినయంగా ఉండాలట, విలువల్ని గోడ మీద రాయించాలట, సమాజానికి ఎంతో కొంత తిరిగి ఇవ్వాలట. మధ్యాహ్నం బఫే, సాయంత్రం సర్టిఫికెట్. ఇంత ఖర్చెందుకో నాకర్థం కాదు. ఈ పాఠాలన్నీ హైదరాబాద్‌లో ఒక కంపెనీ 2008 నాటికే బట్టీపట్టి, డిస్టింక్షన్‌లో పాసైంది. ఆ కంపెనీ సత్యం కంప్యూటర్స్.

వినయమా? దాని ఛైర్మన్ రామలింగరాజు గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు అరుదు. సమాజ సేవా? 108 అంబులెన్స్ ఆయన చలవే. అది నిజంగా గొప్ప పని, ఈనాటికీ ప్రాణాలు నిలబెడుతోంది. అందులో వెటకారానికి చోటు లేదు. కాకపోతే అంబులెన్స్ నడిపేవాడి ఖాతాలు కూడా ఆరోగ్యంగానే ఉంటాయని మనమే అనుకున్నాం. ఇక పెద్దమనుషులా? బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, పెంటియం చిప్ వెనకున్న ఇంజనీరు, ఐఎస్‌బీ డీన్, కేంద్రంలో కేబినెట్ సెక్రటరీగా చేసిన అధికారి. ఇంతమంది కూర్చున్న గదిలో అబద్ధం అడుగుపెట్టడానికే జంకాలి. అది జంకలేదు సరికదా, అధ్యక్షుడి కుర్చీలోనే కూర్చుంది. ఇవన్నీ చూసి ముచ్చటపడి 2008లో కార్పొరేట్ పాలనకుగాను ‘గోల్డెన్ పీకాక్’ అవార్డు కూడా ఇచ్చేశారు.

అదే ఏడాది డిసెంబర్ 16న రాజుగారి కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొందామని ప్రతిపాదన వచ్చింది. బోర్డులో కొన్ని ప్రశ్నలు వచ్చాయట, చివరికి ఏకగ్రీవంగా ఆమోదించారు. అక్కడి చదువులన్నిటికీ తట్టనిది న్యూయార్క్‌లో షేర్లు అమ్ముకునేవాళ్లకు ఇట్టే తట్టింది. ధర సగానికి పైగా పడిపోయేసరికి కొన్ని గంటల్లోనే కొనుగోలు రద్దయింది.

2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజుగారు రాసిన ఉత్తరం బయటపడింది. పులి మీద ఎక్కాను, అది తినేయకుండా దిగడమెలాగో తెలియలేదన్నారు రాజుగారు. మన పత్రికలు ఆ పులి చుట్టూ చాలాకాలం తిరిగాయి. నాకు మాత్రం అందులోని అంకెలే ఎక్కువ నచ్చుతాయి. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లన్నారు, అసలు 61 కోట్లే. వీటన్నిటినీ తలదన్నేది ఇంకొకటుంది: లేని ఆ డబ్బు మీద 376 కోట్ల వడ్డీ కూడా వచ్చినట్టు రాసుకున్నారు. డబ్బు లేకపోతే పోయింది, వడ్డీ లెక్కలో మాత్రం నిజాయితీ తప్పలేదు!

మరి ఆడిటర్లు? వాళ్లూ చిన్నవాళ్లేం కాదు, ప్రైస్ వాటర్‌హౌస్. పెళ్లి సంబంధం వస్తే మనవాళ్లు అబ్బాయి గుణగణాలు అబ్బాయి తండ్రినే అడిగి ఊరుకోరు. పాత ఇంటి ఓనర్నీ, ఆఫీసులో పక్క సీటు ఆయన్నీ, వీధి చివరి టీ కొట్టువాణ్నీ చాటుగా వాకబు చేస్తారు. ఆడిట్‌లో ఆ వాకబు పేరు బ్యాంకు ధ్రువీకరణ. సొమ్మెంతుందో బ్యాంకునే అడిగి, జవాబు తామే అందుకోవాలి. ఇక్కడ ఆ ధ్రువీకరణ ఉత్తరాల బాధ్యతను ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చింది. ‘మీవాడు మంచివాడని పక్కింటాయన చేత రాయించుకురండి’ అని అబ్బాయి తండ్రికే పురమాయించడమన్నమాట. పాపం, తండ్రి ఎంతో బాగా రాయించుకొచ్చాడు. దొంగ ఇన్‌వాయిస్‌లే ఆరు వేలకు పైగా తేలాయి మరి.

అవార్డును వెనక్కి తీసుకున్నారు. 2015లో రాజుగారికి ఏడేళ్ల జైలుశిక్ష పడింది. అయితే విలువల్ని గోడకు తగిలించే ఈ అలంకరణ సామగ్రి వ్యాపారానికి చిన్న గాయమైనా తగిలిందా? ఏ కంపెనీ వార్షిక నివేదికైనా తెరవండి. సమగ్రత, పారదర్శకత, జవాబుదారీతనం, నవ్వుతున్న ఉద్యోగి ఫొటో. పొరపాటున కూడా ‘మా ఛైర్మన్‌ను ఫలానా ఆవిడ ఇబ్బందికరమైన ప్రశ్న అడిగింది, ఆవిడ ఇంకా మా దగ్గరే పనిచేస్తోంది’ అని ఎవరూ అచ్చు వేయరు. అచ్చు వేస్తే ఆ కంపెనీ షేర్లు నేనే కొంటాను.

ప్రభుత్వం ఊరుకోలేదు, అది నిజం. 2013 కంపెనీల చట్టంతో ఆడిట్ సంస్థల్ని పదేళ్లకోసారి మార్చాలన్నారు, బుద్ధిగల పనే. ఆ తర్వాత 2019లో స్వతంత్ర డైరెక్టర్లకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. యజమాని ముఖం మీదే ‘కాదు’ అనగల దమ్ముందో లేదో కంప్యూటర్ ముందు కూర్చుని జవాబులు గుర్తించి నిరూపించుకోవచ్చు. మొదట అరవై శాతం మార్కులు కావాలన్నారు, ఏడాది తిరిగేసరికి యాభైకి దించారు. ఎన్నిసార్లు ఫెయిలైనా మళ్లీ రాసుకోవచ్చు. లిస్టెడ్ కంపెనీలో మూడేళ్లు డైరెక్టరుగా చేసినవాళ్లకైతే పరీక్షే మినహాయింపు. ఆ లెక్కన నాటి సత్యం బోర్డులోని బయటి పెద్దల్లో చాలామంది అది రాయనక్కర్లేదు.