కదలాల్సింది నేనే

నేను కిటికీని. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ ఊళ్ళో, మూడంతస్తుల చెక్కింటికి నూరేళ్ళు వెలుతురిచ్చాను. మీ కిటికీల్లా రెక్కలు తెరుచుకోను. పైకీ కిందికీ జారతాను. నా పాపమంతా ఆ జారడంలోనే ఉంది.

నాకు వేసిన తొలి రంగు సీసం సఫేదా. అప్పట్లో అదే మేలురకం. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో ఆ దేశం నిషేధించింది గానీ, గోడల మీద ఉన్నది అలాగే ఉండిపోయింది. దాని మీదే కొత్త పూతలు పడ్డాయి. నన్ను ఎత్తి దించినప్పుడల్లా చెక్కా చెక్కా రాసుకుని, కంటికానని పొడి రాలేది.

విజయనగరం జంట ఒకటి చంటిపిల్లతో అద్దెకు దిగింది. అగ్రిమెంటుతో పాటు, ఇంటి రంగులో సీసం ఉందో లేదో చెప్పే కాగితమూ యజమాని ఇచ్చాడు. 1992 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇచ్చి తీరాలి. అందులో 'తెలియదు' అన్న గడిలో టిక్కు. పరీక్షే చేయించనివాడికి ఎలా తెలుస్తుంది? అబద్ధమూ కాదు. వీళ్ళూ చదవకుండానే సంతకం పెట్టారు. అద్దె కాగితాలు చదివినవాళ్ళను నేనింతవరకు చూళ్ళేదు.

పిల్ల నన్ను పట్టుకుని నిలబడి మంచు చూసేది. పళ్ళొచ్చే ఈడు, చిగుళ్ళ దురద. నా రంగు కాస్త తియ్యగా ఉంటుంది కూడా. ఏడాది నిండే వేళకు అక్కడ మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం తేలింది. పిల్ల చూడ్డానికి బాగానే ఉంది. అదే సీసం మాయ. ఎదిగే మెదడును చప్పుడు చేయకుండా దెబ్బతీస్తుంది.

"పిల్లలున్నవాళ్ళకు ఈ ఇల్లు పడదు, ఖాళీ చేయండి" అన్నాడు యజమాని ఫోన్లో. తండ్రి పెట్టెలు దించాడు. తల్లి ఆ రాత్రంతా చట్టం చదివింది.

"మనం కదలక్కర్లేదండీ. కదలాల్సింది ఆ కిటికీ."

ఆ రాష్ట్రంలో 1971 నుంచీ సీసం చట్టం ఉంది. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే, ప్రమాదాన్ని తొలగించాల్సింది యజమానే. పిల్లలున్నారని ఇల్లివ్వకపోవడం, ఖాళీ చేయించడం కుదరదు. 'నాకు తెలియదు' అన్నా చెల్లదు.

ఇన్‌స్పెక్టరు తుపాకీలాంటి యంత్రం నా ఒంటికి ఆనించి అంకె రాసుకున్నాడు. తర్వాత లైసెన్సున్న పనివాళ్ళొచ్చారు. పని జరిగినన్నాళ్ళూ ఆ కుటుంబం వేరేచోట ఉంది. నన్ను తడిపి, ఊడదీసి, ప్లాస్టిక్కులో చుట్టబోతూ ఒకతను ఆగాడు. అడుగుచెక్క అంచున రెండు చిన్న గాట్లు. పాలపళ్ళవి.