లష్కరుకు ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు

మా ఇంట్లో పండుమిరప పచ్చడి పెట్టే రోజున మగవాళ్లు వంటింటి ఛాయలకు పోరు. ఈసారి మా బావమరిది మాత్రం "అక్కా, తొడిమలు నేను తీస్తా" అంటూ పీట వాల్చాడు. కాసేపటికే రెండు చేతులూ గాల్లోకెత్తి "కాలిపోతున్నాయి బావా!" అని గావుకేక. వేళ్ల సందులు కందిపోయాయి. ముట్టుకుంటే కాస్త గోరువెచ్చన, అంతే. చన్నీళ్లు గుమ్మరించుకున్నా లాభం లేదు, మిరపఘాటు నీళ్లలో కరగదు మరి. అత్తగారొచ్చి కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగించారు.

పాపం, వాడు అబద్ధమాడలేదు. వాడి నరాలు మోసపోయాయి. చర్మంలో వేడిని పసిగట్టే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకోవాలన్నది దాని రూలు. మిరపలోని క్యాప్సైసిన్ తగిలిందా, రూలూ లేదు గీలూ లేదు, మామూలు వేడికే బార్లా తెరుచుకుంటుంది. 1997లో దీని గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. గుంటూరులో తొడిమలు తీసే ఆడవాళ్లకు కూలి దక్కింది.

ఎర్రబడటం ఇంకా తమాషా. కాలువ మీది లష్కరు ఇంజనీరుగారికి కబురంపుతూనే, ఉత్తర్వు కోసం ఆగకుండా తూము ఎత్తేసినట్టు, ఆ నరం మెదడుకు వార్త పంపుతూనే దాన్ని తన పక్క కొమ్మల్లోకీ మళ్లిస్తుంది. ఆ కొసల నుంచి సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే పదార్థాలు ఊరి, పక్కనున్న సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. నిజంగా వేడి తగిలితే పొంగిన ఆ రక్తమే వేడిని మోసుకుపోతుంది. మిరపకాయ విషయంలో మోయడానికేమీ లేదు, తూము ఎత్తడం శుద్ధ దండగ.

మోకాలికి కాపడం పెట్టి "అప్పుడే తియ్యకండి" అని మామగారిని కసిరే మా అత్తగారి మాటలో శాస్త్రం ఉంది. చర్మానికి 42 డిగ్రీల వేడి తగిలిస్తే మొదటి కొద్ది నిమిషాల్లో వచ్చే రక్తపు పొంగు ఎక్కువగా నరాల చలవే. మత్తు క్రీము రాస్తే అది బాగా తగ్గిపోతుంది. తర్వాత కాస్త వెనకాడి, అరగంటకల్లా మళ్లీ పెరిగి నిలబడుతుంది. ఆ రెండోది ప్రధానంగా రక్తనాళాల లోపలి పొర వదిలే నైట్రిక్ ఆక్సైడ్ పని. ఐదు నిమిషాలకే బ్యాగు విసిరేసి టీవీ ముందుకు పరిగెత్తే మామగారికి లష్కరు వాటాయే గతి.

చక్కెర జబ్బు ముదిరి పాదాలు మొద్దుబారినవాళ్లలో దెబ్బతినేవి ఈ నరాలే. కబురూ సరిగా వెళ్లదు, తూమూ సరిగా లేవదు. బొబ్బ లేచాక గానీ సంగతి తెలియదు. అలాంటివారు దయచేసి వేడినీళ్ల బ్యాగును పాదాల దగ్గరికి రానివ్వకండి.