ముద్రారాక్షసం

ఫ్యూజులో ఏముంటుంది? ఓ పింగాణీ గొట్టం, రెండు చివర్లా రెండు లోహపు టోపీలు, లోపల సన్నటి తీగ. బజార్లో కొంటే అది ఫ్యూజు. దానికే ఓ కాగితం జత చేస్తే అణు ఫ్యూజు. ఒడుగు చేసినట్టు ఓ జందెం పడుతుంది, అంతే. అప్పట్నుంచి దాని ధర వేరు, గోత్రం వేరు, కూర్చునే పీట వేరు.

ఇది మోసమేమీ కాదు, లోకమంతా ఒప్పుకున్న పద్ధతే. అణు కేంద్రానికి కావలసిన నాలుగు ఫ్యూజుల కోసం ఎవరూ ప్రత్యేకంగా ఫ్యాక్టరీ పెట్టరు. అందుకని మామూలు పరిశ్రమలకు అమ్మే సరుకునే తెచ్చి పరీక్షించి, అక్కడ పనికొస్తుందని అర్హత ఉన్న సంస్థ చేత రాయించుకుంటారు. పరీక్షకు డబ్బవుతుంది, రోజులు పడతాయి. రాయడానికి ప్రింటరు చాలు. దక్షిణ కొరియాలో 8 సరఫరాదారు సంస్థలు లెక్కలు వేసుకుని రెండో పని ఒక్కటే చేశాయి. 2003 నుంచి 2012 దాకా 60 ధ్రువపత్రాలు తమంత తామే పుట్టించాయి. విదేశీ సంస్థ పేరుంది, ముద్ర ఉంది, పరీక్షే లేదు. ఫ్యూజులు, ఫ్యాన్లు, స్విచ్చులు ఐదు వేలకు పైగా రియాక్టర్లలోకి వెళ్లి దర్జాగా కూర్చున్నాయి. వాటిలో చాలా భాగం యోంగ్‌వాంగ్ అణు కేంద్రం 5, 6 యూనిట్లలో తేలాయి. 2012 నవంబరులో ఆ రెంటినీ ఆపేయాల్సి వచ్చింది. ఇన్నేళ్లకైనా ఎలా బయటపడింది? ఎవరో బయటివాళ్లు చెవిలో వేశారు. లోపలివాళ్ల చెవులు ఆడిట్ రిపోర్టులు చదవడంలో తీరిక లేకుండా ఉన్నాయి.

నాణ్యత హామీకి శాస్త్రం లేదనుకునేరు. అమెరికావాళ్లు 1970లోనే రాసిపెట్టారు. ఎన్ని సూత్రాలనుకున్నారు? సరిగ్గా పద్దెనిమిది. పురాణాలు పద్దెనిమిది, భారతంలో పర్వాలు పద్దెనిమిది, అణు నాణ్యతకూ పద్దెనిమిదే. పురాణాల్లాగే వీటినీ అందరూ నెత్తిన పెట్టుకుంటారు, విప్పి చదివేవాళ్లు తక్కువ. మొదటి సూత్రమే చూడండి: నాణ్యత చూసేవాడికి స్వతంత్రం ఉండాలి, ఖర్చు, గడువు అనే రెండు పిశాచాలు వాడి మెడ మీద కూర్చోకూడదు. ఎనిమిదోది: ఏ ముక్క ఏ లోహం నుంచి వచ్చిందో చివరిదాకా గుర్తు తప్పిపోకూడదు.

ఎనిమిదో సూత్రం గురించి నేను కాస్త అధికారంతోనే మాట్లాడగలను. దాని ఉల్లంఘనకు దగ్గరుండి పౌరోహిత్యం చేశాను.

అప్పట్లో బాలానగర్‌లో ఓ రేకుల షెడ్డులో సర్టిఫికెట్లు టైపు చేసే ఉద్యోగం నాది. ఫ్లాంజీల ఆర్డరు. ఉక్కు కడ్డీ చివర హీట్ నంబరు ఉంటుంది, అంటే ఏ పోతలో పుట్టిందో చెప్పే జన్మనక్షత్రం అనుకోండి. కడ్డీని కోసే ముందే ఆ నంబరును ప్రతి ముక్క మీదా కొట్టాలి. ఆ రోజు కరెంటు పోతుందన్న కంగారులో రాత్రికి రాత్రే కోసేశారు. తెల్లారి చూస్తే రెండు పోతల ముక్కలు ఒకే గుట్టగా పడి ఉన్నాయి, ఏది దేని బిడ్డో ఆ పెరుమాళ్లకే ఎరుక. పదకొండుకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మా మేస్త్రి అంకెల పంచ్‌ల డబ్బా తెరిచి, సుత్తి చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా అడిగాడు: "ఏ నంబరు కొట్టమంటారు సార్?"

యజమాని నా వైపు తిరిగాడు. "బాబూ, కాగితంలో ఏముందో చదివి వినిపించు."

నేను ఒక్కో అంకె చదివాను. మేస్త్రి ఒక్కో అంకె కొట్టాడు. పదకొండున్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చి, బొటనవేలి గోటితో నూనె గీకి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, ముక్క మీది అంకెలను కాగితంలోని అంకెలతో పోల్చాడు. ముమ్మూర్తులా సరిపోయాయి. సరిపోక చస్తాయా? ఆయన ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకు తిని సంతకం పెట్టాడు. అది అణు సరుకు కాదు లెండి, మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఆ రాత్రి నేనూ నిద్రపోయాను.

మా మేస్త్రి ప్రశ్నలో కపటం లేదు. పై నుంచి కింద దాకా ఎవరూ ముక్కను అడగరని, కాగితాన్నే అడుగుతారని ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకు అర్థమైంది. కాగితానికి తగ్గట్టు ఇనుమును సర్దడమే నాణ్యతా నియంత్రణ అని ఆయన అనుకుంటే తప్పు పట్టడానికి నేనెవణ్ని?

ఇక మొదటి సూత్రం. దీన్ని కొరియావాళ్లు చాలా ముచ్చటగా అమలు చేశారు. జాతీయ విద్యుత్ సంస్థ తల్లి. రియాక్టర్లు నడిపే కంపెనీ ఒక బిడ్డ. డిజైన్లు గీసి, పరీక్షా నివేదికలు ఆమోదించే కంపెనీ ఇంకో బిడ్డ. కేబుల్ పరీక్షించే ల్యాబు మాత్రం బయటిది, కానీ దాని ఫీజు కట్టేది కేబుల్ అమ్మే కంపెనీ. వియ్యాలవారి విందులో ఉప్పెక్కువైందని ఎవరంటారు? 2013 మేలో బయటపడిందేమిటంటే, షిన్‌కోరి, షిన్‌వోల్సాంగ్ రియాక్టర్లలో వేసిన కంట్రోల్ కేబుళ్లు పరీక్షలో తప్పాయి, నివేదికలో నెగ్గాయి. ఈసారి కూడా కనిపెట్టింది పద్దెనిమిది సూత్రాలు కాదు, ఓ అజ్ఞాత సమాచారం.

ఆ కేబుల్ పనేమిటో తెలిస్తే దాన్ని ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. ప్రమాదం జరిగి లోపలంతా ఆవిరి కమ్మేసి, వేడి, పీడనం పెరిగిపోయినప్పుడు రక్షణ వ్యవస్థలకు సంకేతాలు మోసుకెళ్లాలి. ఆ రోజు రానంత కాలం మంచి కేబులూ చెడ్డ కేబులూ కవల పిల్లలు. నలభై ఏళ్లు గోడ వెంట పడుకుని ఉంటాయి, ఏ ఇంజనీరు కంటికీ తేడా కనపడదు. దీపం వెలగకపోతే బల్బు అమ్మినవాణ్ని తిడతాం. పంపు తిరగకపోతే మెకానిక్కు కాలర్ పట్టుకుంటాం. ఎప్పుడూ పని చేయకుండా ఉండటమే అదృష్టం అనుకునే సరుకుకు మాత్రం గ్యారంటీ ఇచ్చేది కాగితమొక్కటే. దొంగకు ఇంతకంటే మంచి సరుకు ఏ సంతలో దొరుకుతుంది?

ఈ కేబుళ్ల పుణ్యమా అని రెండు యూనిట్లను ఆపేశారు. మరమ్మతులో ఉన్నదాన్ని లేవనివ్వలేదు, అనుమతి కోసం కూర్చున్నదాన్ని కూర్చోబెట్టే ఉంచారు. కారణాలన్నీ కేబుళ్లే కాదు గానీ, ఆ వేసవి మొదట్లో దేశంలోని 23 రియాక్టర్లలో 10 పనిలో లేవు. ఆగస్టు వచ్చింది, ఎండలు ముదిరాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఏసీలు కట్టెయ్యమన్నారు, వరండాల్లో లైట్లు తీసేయమన్నారు. ప్రపంచానికి సెల్‌ఫోన్లు, ఓడలు అమ్మే దేశంలో ఉద్యోగులు చీకటి వరండాల్లో చెమటలు కక్కుతూ ఫైళ్లు చూశారు. అక్టోబరుకల్లా 100 మంది మీద అభియోగాలు మోపారు. రియాక్టర్లు నడిపే కంపెనీ మాజీ అధిపతి లంచం కేసులో జైలుకెళ్లాడు. తిలాపాపం తలా పిడికెడు అనుకుంటే, అక్కడ పిడికిళ్లు చాలక దోసిళ్లు పట్టినట్టుంది.

అసలు హాస్యం ఎడారిలో ఉంది. అరబ్ ఎమిరేట్స్‌కు కొరియా అమ్మిన రియాక్టర్లకు నమూనా ఏది? షిన్‌కోరి 3. దాన్ని నడిపి చూపిస్తామని కొన్నవాళ్లకు మాటిచ్చారు. దాంట్లోనూ అవే కేబుళ్లు. మళ్లీ పరీక్షిస్తే మళ్లీ తప్పాయి, వేసినవన్నీ పీకి కొత్తవి లాగారు. 2016 డిసెంబరుకు గానీ అది వ్యాపార స్థాయి ఉత్పత్తికి రాలేదు. పెళ్లిచూపుల్లో పిల్లను చూపిస్తామని పిలిచి, పిల్ల ఇంకా తల దువ్వుకుంటోందని మూడేళ్లు మంచినీళ్లు ఇచ్చినట్టు.

కొరియావాళ్లకే ఇలా జరిగిందని నవ్వుకోకండి. నిజాయితీకి పేరుపడ్డ ఫిన్లండులో ఫోర్జరీ కూడా అక్కర్లేకపోయింది. ఓల్కిలువోటో 3 రియాక్టరు కట్టడం 2005లో మొదలైంది, పునాది పలకలోనే కాంక్రీటులో నీళ్లెక్కువయ్యాయి. అణుపనిలో అనుభవం లేనివాళ్లకు పని ఇచ్చారనీ, ఎంత కఠినంగా చేయాలో టెండరప్పుడు వాళ్లకు సరిగ్గా చెప్పనే లేదనీ అక్కడి నియంత్రణ సంస్థ 2006లో నివేదిక రాసింది. 2009లో వెలగాల్సిన దీపం 2023లో నిలకడగా వెలిగింది. పాపం, ఆ కాంక్రీటువాడు ఎవర్నీ మోసం చేయలేదు. ఊళ్లో వంతెనకు కలిపినట్టే కలిపాడు. తక్కువ ధర కోట్ చేసిన ఎల్‌1 ను పిలిచి మాల వేసిన పెద్దమనిషి, తర్వాత పద్దెనిమిది సూత్రాల కట్ట వాడి ఒళ్లో పడేసి ఇంగ్లీషులో కేకలేశాడు. స్థానికుల్ని ప్రోత్సహించడం అంటే అదే కదా, ఈత నేర్పకుండా బావిలోకి ప్రోత్సహించడం.

మనకూ ఓ బావి ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లు ఆరు కట్టాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నారు. ఇదే రకానివి రెండు అమెరికాలోని సౌత్ కరోలినాలో సగం కట్టి, సుమారు 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో వదిలేశారు. వాటి విడిభాగాల్ని లూసియానాలోని ఫ్యాక్టరీలో ముందే తయారుచేసి తెచ్చి అతికిస్తే చాలన్నారు. భాగాలు ఆలస్యంగా వచ్చాయి, వాటి కాగితాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. ఆ విషయంలో కొవ్వాడ ముందంజలో ఉంది. ఇక్కడ ప్రస్తుతానికి కాగితాలు తప్ప ఇంకేమీ రాలేదు.

రేపు నిజంగా పునాది తీస్తే స్థానిక సరఫరాదారులకు అవగాహన సదస్సు తప్పక పెడతారు. హోటల్ హాలు, బొకేలు, ప్రొజెక్టరు, పద్దెనిమిది స్లైడ్లు, పదిహేడో స్లైడు దగ్గర భోజనాలు. అక్కడికి వచ్చే కుర్ర వ్యాపారులు పంచ్‌ల డబ్బా ఎలాగూ తెచ్చుకుంటారు. వాళ్లతో పాటు ఆ చుట్టుపక్కల తాటాకు విసనకర్రలు అల్లే ముసలమ్మను కూడా పిలవమని నా మనవి. ఏసీలు కట్టెయ్యమన్న రోజున ఆవిడ సరుకే గతి. దానికి హీట్ నంబరు లేదు, ల్యాబు ఫీజు లేదు. ఇన్‌స్పెక్టర్‌గారు తన చేత్తో తనే విసురుకోవాలి. గాలి రాకపోతే చాయ్ రాకముందే తెలిసిపోతుంది.