శనివార సందేశము: సటీకాతాత్పర్యము

మూలము

“రేపు శనివారం పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరుదాం. దారిలో స్టోన్‌హెంజ్ చూసేసి, బాత్‌లో భోంచేసి, చీకటి పడేలోపు కాట్స్‌వోల్డ్స్ చేరిపోదాం. అన్నీ దగ్గరేలే. పులిహోర నేను తెస్తా.”

అవతారిక

ఇంగ్లండునందలి రెడింగు పట్టణమున కాపురముండి, వారమునకైదు దినములు కంప్యూటరు కొలువు చేసికొను నలుగురు తెలుగు మిత్రులలో నొకడు, జూన్ మాసమున నొక శుక్రవారపు రాత్రి, తక్కిన మువ్వురకును వాట్సాపు మూలమున పంపిన సందేశమిది. సందేశములకు వ్యాఖ్య వ్రాయుట మనవారికి క్రొత్తగాదు. మెతుకుసీమయందలి కోలాచలపు వంశమువాడగు మల్లినాథసూరి మేఘసందేశమునకు సంజీవనిని రచించి, ఆ మబ్బు ఏ కొండపై విశ్రమించవలెనో, ఏ నదిలో నీరు త్రావవలెనో విప్పి చెప్పినాడు. అయితే కాళిదాసు రామగిరినుండి అలకకు పోవు త్రోవను వర్ణించుటకే పూర్వమేఘమంతయు వెచ్చింపగా, మన కవి యాత్రనంతయు నాలుగు వాక్యములలో తేల్చివైచినాడు. త్రోవను మ్రింగి ఊళ్ల పేరులను మాత్రము మిగిల్చిన యీ రచనకు, ఆ కారు వెనుకసీటున పులిహోర డబ్బాకును కిటికీకిని నడుమ ఇరుకున కూర్చుండి పయనించిన నేనే టీక వ్రాయుట న్యాయమని తలచెదను.

టీక

ఆరింటికల్లా: ఇది కవిసమయము. చకోరములు వెన్నెల త్రావుననుట యెట్టిదో ఇదియు నట్టిదే. దీనిని గడియారముతో సరిచూచువాడు రసికుడు కాడు.

దారిలో: సందేశమునకంతకును జీవగర్ర యీ చిన్నమాటయే. స్టోన్‌హెంజ్ నిజముగనే దారిలో నున్నది. ఏ303 రహదారి దానికి అల్లంత దూరముననే పోవును. అచ్చట బాట ఇరుకగుటచేతను, ప్రతివాడును రాళ్లవైపు తల త్రిప్పుటచేతను వాహనములు నత్తనడక నడచును. కావున టికెట్టు కొనకయే దర్శనమైనదని పూర్వపక్షము చేయువారు గలరు. మా కవి వారిలో ప్రథముడు. అయినను పెద్దబాట విడిచి పల్లెబాట పట్టినగాని ఆ దేశపు దారి యెట్టిదో తెలియదు. ఇరువైపుల మనిషెత్తు పొదల కంచెలు. నడుమ ఒక్క కారు పట్టునంత చోటు. బాట మొదట తెల్లని గుండ్రని పలకపై నల్లని ఏటవాలు గీత. ఆ గీతకు శాసనార్థము గంటకు 60 మైళ్ల వరకు పోవచ్చునని. ఇరువది మైళ్లకే గుండె గొంతులోనికి వచ్చు సందులో అరువదికి అనుమతి యిచ్చిన ప్రభుత్వము హాస్యప్రియమైనదని తోచును. అది హద్దేగాని ఆజ్ఞ కాదని సమాధానము.

అట్టి సందులో మాకొక ట్రాక్టరు ఎదురైనది. ఇట్టి ఘట్టములకై బాట ప్రక్కన నక్కడక్కడ కొంత వెడల్పు చేసి విడిచియుందురు. దానికి ఎవరు చేరువనుందురో వారు వెనుకకు పోవుట మర్యాద. చేరువనున్నవారము మేమే. మా కవి మెడను సాధ్యమైనంత వెనుకకు త్రిప్పి, ముండ్లకొమ్మ యొకటి ఎడమ అద్దమును గీరుచుండ, తక్కిన మువ్వురమును మూడు విధములుగా స్టీరింగు త్రిప్పుటను బోధించుచుండ, ఎట్టకేలకు కారును ఆ గూటిలోనికి చేర్చెను. ట్రాక్టరు నడుపు ముసలివాడు స్టీరింగు మీది చేయి తీయకయే చూపుడువ్రేలొక్కటి పైకెత్తి సాగిపోయెను. కృతజ్ఞత తెలుపుటకు అచ్చట నంతకంటె ఎక్కువ అవసరము లేదు. దానికి బదులుగా మా కవి రెండు చేతులును జోడించెను. కారు నిలిచియుండుట మా పుణ్యము.

చూసేసి: తొందరను సూచించు క్రియ. సుమారు 4,500 ఏండ్లనుండి నిలిచియున్న శిలలను, అందును ఒక్కొక్కటి సగటున 25 టన్నుల బరువుండు పెద్దశిలలను “చూసేయుట” సాహసము. వానిలో చిన్నవగు నీలిరాళ్లు వేల్సుదేశపు ప్రెసెలి కొండలనుండి సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణము చేసివచ్చినవి. మనకన్న పెద్ద యాత్రికులు. వీని విషయమున తొందరపడినవారిలో మా కవి మొదటివాడు కాడు. 1915లో సాల్స్‌బరీలో జరిగిన వేలమునందు సెసిల్ చబ్ అను న్యాయవాది దీనిని 6,600 పౌండ్లకు కొనెను. కుర్చీలు కొనుటకు పోయి రాళ్లు కొనివచ్చెనని ఐతిహ్యము. 1918లో జాతికి దానమిచ్చివేసెను. ఆ ఇంట కుర్చీల ముచ్చట యేమైనదో చరిత్రకారులు చెప్పరు.

బాత్‌లో భోంచేసి: ఇచ్చట ప్రాచీన రోమకులు కట్టిన స్నానవాటికయందు 46 డిగ్రీల వేడినీరు నేటికిని ఉబుకుచున్నది, కాని అందు దిగి స్నానము చేయుట నిషిద్ధము. గట్టున నిలిచి చూచి, ప్రక్కనున్న పంప్ రూమ్‌లో ఒక గ్రుక్కెడు పుచ్చుకొనవచ్చును. రుచి విషయమై వ్యాఖ్యాత మౌనము వహించుచున్నాడు. భోజనము మాత్రము రాయల్ క్రెసెంటు ఎదుటి పార్కునందు పచ్చికపై జరిగినది. 1767 మొదలు 1774 వరకు కట్టిన ఆ ముప్పది యిండ్ల వరుస నెలవంకవలె వంగి, ఒకే స్తంభముల తీరున, ఒకే రాతి రంగున కన్నుల కింపుగా నుండును. వెనుకకు పోయి చూచిన, ఎవరి ఇష్టము వారిది: ఒకరి గోడ ముందుకు, ఒకరిది వెనుకకు, కిటికీలు ఎగుడుదిగుడు. ముఖభాగమునకు మాత్రమే ఏకరూపము విధించి, వెనుకభాగమును యజమానుల చిత్తమునకు విడిచిరట. నాకు వెనుకభాగమే నచ్చినది. అచ్చట మనుష్యులు కాపురమున్నట్లుండును.

(ఇచ్చట స్విండను అధ్యాహార్యము.) మూలమున లేకున్నను, ఎమ్4 రహదారి మీద కొంతదూరము పోయి ఉత్తరమునకు మరలువారికి స్విండను పట్టణము తగులును. ఆ దేశమున బండ్లు ఎడమవైపున నడచును గావున కూడలులయందలి వలయములను కుడిచేతివైపున నుంచుకొని తిరుగుదురు, అనగా ప్రదక్షిణమే. కుడినుండి వచ్చువానికి ముందు దారి యీయవలెనను నియమము 1966 నుండి అమలులోనున్నది. 1972లో స్విండనులో కట్టిన మాంత్రికవలయమున ఐదు చిన్న వలయములు ఒక పెద్దదాని చుట్టునున్నవి. చిన్నవానికి ప్రదక్షిణము, నడిమిదానికి అప్రదక్షిణము. ఒకే క్షేత్రమున రెంటిని విధించిన యాగమము వేరొకటి నేనెరుగను. మేము కోరిన వైపు కాక వేరొకవైపు బయటపడితిమి.

అన్నీ దగ్గరేలే: హైదరాబాదునుండి క్రొత్తగా వచ్చిన మా నాల్గవవాడు పలకలపై 30 అని చూచినప్పుడెల్ల కిలోమీటర్లని తలచి, అవి మైళ్లని తెలిసి క్రుంగుచుండెను.

చీకటి పడేలోపు: ఇది సత్యవాక్యము. జూన్‌లో అచ్చట సూర్యుడు రాత్రి తొమ్మిది దాటినగాని అస్తమింపడు. కవి ప్రతిజ్ఞ నిలిచినది కవివలన గాదు, అక్షాంశమువలన.

కాట్స్‌వోల్డ్స్: తేనెరంగు సున్నపురాతి ఇండ్లకు ప్రసిద్ధమైన కొండసీమ. బైబరీలోని ఆర్లింగ్టన్ రో మొదట పదునాలుగవ శతాబ్దపు ఉన్ని గిడ్డంగి, పిదప పదునేడవ శతాబ్దమున నేతగాండ్ర ఇండ్లుగ మారినది. ఈ సీమలోని పెద్ద చర్చీలనేకము గొఱ్ఱెబొచ్చు సొమ్ముతో లేచినవే. అయితే సొమ్మంతయు గొఱ్ఱెలది కాదు. యక్షుడు త్రోవ వంకరయైనను ఉజ్జయినిని చూచిపొమ్మని మేఘుని బ్రతిమాలినట్లు, నేను కవిని బ్రతిమాలి డేల్స్‌ఫర్డు వైపు కారు త్రిప్పించితిని. బంగాళమునకు గవర్నరుగా పోకముందు చెన్నపట్నపు కౌన్సిలులో కొంతకాలముండిన వారన్ హేస్టింగ్సు, పార్లమెంటు విచారణ ఆరంభమైన 1788లోనే, చేజారిన తాతలనాటి భూమిని ఇచ్చట తిరిగి కొనెను; ఆ విచారణము 1795లో నిర్దోషియని ముగిసినది. ఆతని ఇల్లు కట్టిన శామ్యూల్ పీప్స్ కాకరెల్ అను శిల్పియే, కుంపిణీ కొలువున ధనికుడైన తన సోదరునికి దాపులోనే సెజింకోట్ అను భవనమును మొగలాయి తీరు రాగిగుమ్మటముతో నిలిపినాడు. ఇంగ్లీషు పచ్చిక నడుమ ఆ గుమ్మటమును గూర్చి విన్న మా నాల్గవవాడు “ఇది మన డబ్బే కదండీ” అనెను. కవి వానిని తొందరపెట్టెను. నా మతమున వాని ప్రశ్న ఆ దినపు దర్శనీయములన్నిటికంటె విలువైనది. జవాబు చెప్పుటకు కారులో చోటును, సమయమును లేకపోయెను.

పులిహోర నేను తెస్తా: నిరపవాదము. ఇంగువ చాలినంత పడినది.

తాత్పర్యము

ఓ మిత్రులారా! నేను ఊళ్ల పేరులు చెప్పెదను, మీరు దారిలో ఓర్పు వహింపుడు. పార్కింగు వెదకుట, కుడినుండి వచ్చు బండ్లను లెక్కించుట, నేను త్రోవ తప్పినప్పుడు నోరు మూసికొనుట మీ పనులు. తిండి నా బాధ్యతయని భావము.

ఫలశ్రుతి

ఈ సందేశమును అనుసరించినవారికి పది పన్నెండు దినములలో తపాలా వచ్చును. మాకును వచ్చినది: ఒక పార్కింగు స్థలమున రుసుము చెల్లించిన కాలమునకు మించి కారు నిలిచెనని, కెమెరా తీసిన నంబరు పలక బొమ్మతో సహా, పదునాలుగు దినములలో చెల్లించిన తగ్గింపు గలదట. ఆ ఆలస్యము రాయల్ క్రెసెంటు వెనుకభాగమును చూచుటకు నేను పోయినందున కలిగినదని కవి వాదము. రెండవమారు పులిహోర వడ్డించినందున ననునది నా వాదము. పైకము నాలుగు వాటాలుగా పంచవలెనని గ్రూపులో వ్రాసితిని. రెండు నీలి టిక్కులు పడినవి. మూలగ్రంథకర్తనుండి పాఠమింకను రాలేదు.