భాష రావడమే ఆలస్యం

మతప్రచారానికి పరాయి దేశం వెళ్లే కుర్రాడంటే మన కళ్లముందు మెదిలే బొమ్మ ఒకటుంది. చేతిలో పుస్తకం, చెట్టు కింద నలుగురు జనం, గట్టి గొంతుతో ప్రసంగం. అమెరికాలో కామెరాన్ టౌన్సెండ్ 1934లో మొదలుపెట్టిన సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్ వాళ్ల పద్ధతిలో ఇవేవీ లేవు. పేరు వింటే వేసవి సెలవుల్లో పెట్టే ట్యూషన్‌లా ఉంటుంది, మొదలైందీ అలాగే. ప్రసంగాలు చెయ్యొద్దు, గుడి కట్టొద్దు, బాప్తిస్మాలు ఇవ్వొద్దు. లిపి కూడా లేని ఏదో ఒక తెగ దగ్గరికి వెళ్లు, వాళ్ల భాష నేర్చుకో, బైబిల్‌ని అందులోకి తీసుకురా. ఆపైన వాక్యమే తన పని తాను చూసుకుంటుంది. అంటే భారమంతా భాష మీదే. భాష రావడమే ఆలస్యం, దేవుడు వచ్చినట్టే.

డేనియల్ ఎవరెట్ 1951లో కాలిఫోర్నియాలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరి ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలో మందూ మత్తూ అన్నీ అయ్యాయి. పదిహేడో ఏట ఒక అమ్మాయి పరిచయం ఆయన దారి మార్చింది. ఆమె అమ్మానాన్నలు మిషనరీలు. ఆమె పెరిగింది అమెజాన్ అడవిలో, సతెరె-మావె తెగవాళ్ల మధ్య. ఎవరెట్ ఆ వయసులోనే ప్రభువును నమ్ముకున్నాడు, పద్దెనిమిదికల్లా ఆ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ప్రేమ ముందో భక్తి ముందో ఆ ఈడులో విడదీసి చెప్పడం ఎవరి తరం? షికాగోలోని మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు 1975లో పూర్తయింది. మరుసటి ఏడాది ఈ భాషల వాళ్ల దగ్గర శిక్షణకు చేరాడు.

అక్కడ నేర్పే విద్యల్లో ఒకదాని గురించి చెప్పుకోవాలి. ఎదురుగా ఉన్న మనిషికి నీ భాష రాదు, అతని భాష నీకు రాదు, మధ్యలో దుబాసీ లేడు. అప్పుడెలా? ఓ పుల్ల తీసి చూపించు. అతను ఏదో అంటాడు, రాసుకో. రెండు పుల్లలు చూపించు. మళ్లీ ఏదో అంటాడు, తేడా ఎక్కడుందో చూడు. పుల్లను కింద పడెయ్యి. ఇప్పుడన్నదాంట్లో ఎక్కడో ఒక క్రియ దాగి ఉంటుంది. ఇప్పుడు ఆకు పడెయ్యి. క్రియ అదే ఉండి పేరు మారిందా? ఇలా లాగుతూ పోతే కాసేపటికి ఆ భాష ఎముకలు చేతికి తగలడం మొదలవుతాయి. ఈ విద్యలో కెనెత్ పైక్‌ది అందెవేసిన చెయ్యి. మెక్సికోలో మిష్టెక్ భాష మీద పనిచేసిన పెద్దమనిషి. తనకు ముక్క కూడా తెలియని భాష మాట్లాడే మనిషిని నిండు సభలో ఎదురుగా నిలబెట్టుకుని, పుల్లలూ ఆకులతో అప్పటికప్పుడు చేసి చూపించేవాడు.

పుల్లలకీ ఆకులకీ ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పరలోకాన్ని చేత్తో పట్టుకుని చూపించి కింద పడెయ్యడం ఎలాగో ఆ తరగతుల్లో ఎవరూ అడిగినట్టు లేదు.

చదువు ఒక్కటే చాలదు, అడవికి తట్టుకోవాలి. అందుకు మెక్సికోలోని చియాపాస్‌లో సెల్తాల్ తెగవాళ్ల మధ్య నెలల తరబడి తర్ఫీదు. మైళ్లకొద్దీ నడిపిస్తారు. ఆపైన అడవిలో ఒంటరిగా వదిలేస్తారు. చేతిలో అగ్గిపుల్లలు, నీళ్లు, ఓ తాడు, ఓ కత్తి, టార్చిలైటు. ఎవరెట్ నెగ్గుకొచ్చాడు. నెగ్గడమే కాదు, భాషల్లో చెయ్యి తిరిగినవాడని పేరు కూడా తెచ్చుకున్నాడు. అందుకే పిరహా అనే తెగ దగ్గరికి పంపారు.

బ్రెజిల్‌లో మదైరా నది వైపు పారే నీళ్లలో మైసీ అని ఒక చిన్న నది ఉంది. పిరహాలు దాని ఒడ్డున ఉంటారు, అప్పట్లో చాలా కొద్దిమంది. ఎవరెట్‌కు ముందు రెండు మిషనరీ కుటుంబాలు, ఒకరి తర్వాత ఒకరు, దాదాపు ఇరవై ఏళ్లు అక్కడ తంటాలు పడ్డాయి. ఒక్కరంటే ఒక్కరు మతం మారలేదు. దానికి కారణం సిద్ధంగానే ఉంది: భాష కొరుకుడు పడటం లేదు. లోపం తీసుకెళ్లిన కబురులోనే ఉందేమోనన్న ఆలోచన ఎవరికైనా వచ్చినా, అది పైకి అనే మాట కాదు. భాష బాగా పట్టుబడే కుర్రాణ్ని పంపితే సరి.

1977 డిసెంబరులో చిన్న విమానం ఆయన్ని మైసీ ఒడ్డున దింపింది. వయసు 26. కొరుకుడు పడటం లేదన్నది అబద్ధమేం కాదని త్వరలోనే తెలిసింది. అచ్చులు మూడు. హల్లులు మగవాళ్లకు ఎనిమిది, ఆడవాళ్లకు ఏడు. మగవాళ్లు ‘స’ అన్నచోట ఆడవాళ్లు ‘హ’ అంటారు. ఇంత తక్కువ సరుకుతో ఎలా నడుపుతారంటే, స్థాయిలతో. గొంతు హెచ్చితే ఒక మాట, తగ్గితే ఇంకో మాట. ఆ హెచ్చుతగ్గులు చెవిన పడితే చాలు, అచ్చులూ హల్లులూ లేకపోయినా పని జరిగిపోతుంది. వేటలో మగవాళ్లు ఈలలతో మాట్లాడుకుంటారు. తల్లులు పిల్లలతో పెదవి విప్పకుండా కూనిరాగంలోనే కబుర్లు చెబుతారు. వాన హోరులో అవతలి ఒడ్డుకు కేకలతో సంగతులు అందిస్తారు. పుల్ల చూపిస్తే ఎదుటివాడు ఈలవేసి బదులిస్తే ఏం రాసుకోవాలి? పోర్చుగీసు ముక్కలు వచ్చినవాళ్లు కొందరున్నారు గానీ, ఆ ముక్కలు బ్రెజిల్ కాయలు కొనడానికి పడవల మీదొచ్చే వ్యాపారులతో బేరానికి సరిపోతాయి. సిలువ గురించి మాట్లాడటానికి సరిపోవు.

మధ్యలో కష్టాలు చాలానే వచ్చాయి. బ్రెజిల్ ప్రభుత్వం ఆదివాసుల ప్రాంతాల నుంచి మిషనరీలను బయటికి పొమ్మంది. పరిశోధకులనైతే రానిచ్చేది. సరేనని కంపీనాస్ విశ్వవిద్యాలయంలో చేరి, 1983లో పిరహా భాష మీదే డాక్టరేట్ తెచ్చుకున్నాడు. అంతకుముందు 1979లో భార్యకూ పెద్దకూతురికీ జ్వరం వచ్చి ప్రాణాల మీదికొచ్చింది. టైఫాయిడ్ అనుకున్నాడు. పడవల మీద రోజుల తరబడి ప్రయాణించి పోర్టో వెల్యోలో వైద్యుల చేతిలో పెట్టాక గానీ అది మలేరియా అని తేలలేదు. ఇద్దరూ బతికారు. బతికి బట్టకట్టాక కుటుంబం మళ్లీ ఆ ఒడ్డుకే వచ్చింది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ మొండితనాన్ని వేళాకోళం చెయ్యడం నావల్ల కాదు.

పిరహాలతో ఓ చిక్కుంది. వాళ్లకు అక్కర్లేనిది వాళ్లకు అంటదు. వ్యాపారులు లెక్కల్లో మోసం చేస్తున్నారేమోనని అనుమానం వచ్చి, లెక్కలు నేర్పమని వాళ్లే అడిగారు. వాళ్ల భాషలో అంకెలు లేవు. ఎనిమిది నెలలు సాయంత్రాలు పాఠాలు నడిచాయి. సరదాగా వచ్చి కూర్చునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. పది దాకా లెక్కపెట్టడం ఒక్కరికీ రాలేదు. ఇంకొకడైతే అక్కడే సందేహించి మూటాముల్లె సర్దుకునేవాడేమో.

ఎవరెట్ సర్దుకోలేదు. ఎందుకంటే తనకు భాష వస్తోంది. వచ్చింది కూడా. బయటివాళ్లలో బహు కొద్దిమందికే వచ్చినంతగా వచ్చింది. మార్కు సువార్తను పిరహాలోకి తెచ్చి, టేపుల్లోకి ఎక్కించి వినిపించాడు. విన్నారు. ఒక ఘట్టం వాళ్లకు తెగ నచ్చింది: బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించే ఘట్టం. సిలువా పునరుత్థానమూ పక్కనుంచి వెళ్లిపోయాయి.

నేనెందుకొచ్చానో మీకు తెలుసా అని ఒకసారి అడిగాడు. తెలియకేం అన్నారు. ఇక్కడ బాగుంటుంది, నీళ్లు బాగుంటాయి, తిండి బాగుంటుంది, మేం మంచివాళ్లం, అందుకని వచ్చావు. ఎవరైనా ఒకచోటికి ఇంకెందుకొస్తారు!

ఇంకోసారి ఒక పిరహా మిత్రుడు కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. మీ దేశంవాళ్లలా మేమూ బతకాలని నీ కోరిక. మాకు తాగడం ఇష్టం, ఒక్క ఆడదానితో సరిపెట్టుకోవడం ఇష్టం లేదు, యేసు మాకు వద్దు. నువ్వంటే మాత్రం ఇష్టమే. మాతోనే ఉండు. ఆయన సంగతి ఇక ఎత్తకు. ఇంతవరకూ మర్యాదే. ఆ తర్వాత అన్న ముక్కతో ఇరవై ఏళ్ల సాకు కుప్పకూలింది. నీకు ముందొచ్చిన వాళ్లూ ఆయన గురించే చెప్పారు అన్నాడు. అంటే భాష సరిగా రాదనుకున్న ఆ పాతవాళ్లు చెప్పింది కూడా వీళ్లకు శుభ్రంగా అర్థమైంది. అర్థమయ్యే వద్దనుకున్నారు.

ఇక మిగిలింది సాక్ష్యం. మన పల్లెల్లో ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఎలా ఉండేవాణ్నో, ప్రభువు ఎలా పట్టుకున్నాడో, ఇప్పుడెలా ఉన్నానో లేచి నిలబడి చెప్పడం. పడిన గొయ్యి ఎంత లోతైతే వినేవాళ్ల గుండె అంత కరుగుతుంది. ఎవరెట్‌ది మామూలు గొయ్యి కాదు. సవతితల్లి ఆత్మహత్య చేసుకుంది. తాగుడూ మత్తుమందులూ ఉన్నాయి. అందులోంచి యేసు బయటికి లాగాడు. ఇదంతా పిరహాలకు పిరహాలో, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. మామూలుగా ఆ చోట ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు, వెనకనుంచి ఎవరో స్తోత్రం అంటారు.

పిరహాలు పగలబడి నవ్వారు. నవ్వెందుకని అడిగితే, తనను తాను చంపుకుందా, ఎంత తెలివితక్కువది, మాలో ఎవరూ అలా చేసుకోరు అన్నారు.

ఇంకోసారి ఒక ప్రశ్న వచ్చింది. యేసు ఎలా ఉంటాడు, మాలా నల్లగానా నీలా తెల్లగానా? నేను చూడలేదు, చాలాకాలం కిందటివాడు, ఆయన మాటలు మాత్రం నా దగ్గరున్నాయి అన్నాడు. నువ్వు చూడలేదు, వినలేదు, మరి మాటలు నీ దగ్గరికెలా వచ్చాయి? పిరహా క్రియ చివర ఒక తోక ఉంటుంది. కళ్లారా చూసి చెబుతున్నావా, ఎవరో అంటే విన్నావా, ఊహించుకున్నావా అన్నది అందులో తేలిపోతుంది. మనకూ ‘అట’ ఉంది. రాముడు అడవికి వెళ్లాడట అంటే, ఎవరు చూశారని మనం పేచీ పెట్టం. పిరహాలు పెడతారు. చూసినవాడు గానీ, చూసినవాడు బతికుండగా అతని నోట విన్నవాడు గానీ లేకపోతే ఆ సంగతి మీద వాళ్లకు ఆసక్తి ఉండదు.

భాష బాగా వచ్చినందుకు ఎవరెట్ చెల్లించిన మూల్యం ఇక్కడుంది. అరకొరగా వచ్చి ఉంటే ఆ ప్రశ్న వాళ్ల అమాయకత్వంలా వినబడేది, చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. బాగా వచ్చింది కాబట్టి అది ప్రశ్నలాగే వినబడింది. పరిశోధకుడిగా తానూ పొద్దస్తమానం అడిగేది అదే: దీనికి ఆధారమేమిటి? 1982 నాటికి గట్టి అనుమానం పట్టుకుంది. 1985 నాటికి నమ్మకమన్నది ఏమీ మిగల్లేదు.

తర్వాత ఆయనకు పెద్ద పేరే వచ్చింది. పిరహాలో వాక్యంలో వాక్యం ఇమడదని 2005లో రాసిన వ్యాసంతో భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ వర్గంతో గొడవ మొదలైంది. అది భాషాశాస్త్రంవాళ్లు తేల్చుకోవాల్సిన లెక్క. నాకు మనసుకు పట్టింది అంతకు ముందటి కాలం. నమ్మకం పోయిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సంఘంవాళ్లకు సరే, ఇంట్లో కూడా. అంకెలూ అట్టే ధ్వనులూ లేని భాషలో, ముక్కూమొహం తెలియని జనానికి యేసు కథంతా చెప్పగలిగిన మనిషికి, పుట్టి పెరిగిన ఇంగ్లీషులో సొంతవాళ్లకు ఒక్క వాక్యం చెప్పడానికి పదేళ్లకు పైగా పట్టింది.

1990ల చివర్లో చెప్పాడు. పెళ్లి విడాకులతో ముగిసింది. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు మాట్లాడటం మానేశారు. మళ్లీ కలుపుకోవడానికి ఏళ్లు పట్టింది.

యేసు లేకపోయినా మాతో ఉండొచ్చని అంతవరకూ ఆయనతో అన్నది పిరహాలొక్కరే.